రోడ్డు ఆగిన చోటు

వైకుంఠం మంత్రి అయిన రోజు హుస్సేనీ ఆలంలో వాళ్ల అన్న దుకాణం ముందు పొద్దంతా మర్ఫా డప్పు మోగింది. అన్న విశ్వేశ్వర్‌ది ఇత్తడి, స్టీలు సామాన్ల వ్యాపారం. ఆ రోజు బిందెలూ గంగాళాలూ లోపలికి జరిపించి, గద్దె మీద ఉతికిన తెల్ల దుప్పటి పరిపించి, తమ్ముణ్ణి దాని మీద కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్లందరికీ తన చేత్తోనే జిలేబీ పెట్టాడు. ఎదురుగా గడియారాలు బాగుచేసే కరీముద్దీన్ తన దుకాణం కట్టేసి వచ్చి వైకుంఠాన్ని కౌగలించుకున్నాడు.

"మన గల్లీల పుట్టినోడు మినిస్టర్ అయిండు భాయ్! మా అబ్బా ఉంటే ఏడ్చేటోడు" అన్నాడు. ఆ మాట అంటూ తనే ఏడ్చాడు.

వైకుంఠం నవ్వుతూ అతని వీపు నిమిరాడు. దండల దారం మెడకు కోసుకుంటున్నట్టు తెలుస్తూనే ఉంది. అంతకు మించి ఏమీ తెలియలేదు. సంతోషం రావలసిన చోట ఖాళీగా ఉంది. అది అతనికి అలవాటైపోయింది.

మొదటినుంచీ అలాంటి మనిషి కాడు. తండ్రి తొందరగా పోతే, విశ్వేశ్వర్ చదువు మానేసి దుకాణంలో కూర్చుని తమ్ముణ్ణి ఇంజనీరింగ్ చదివించాడు. వైకుంఠానికి మున్సిపాలిటీలో ఉద్యోగం వచ్చింది. సర్వే పనంటే ప్రాణం పెట్టేవాడు. పాతబస్తీ గల్లీల్లో గొలుసు లాగించి కొలతలు తీస్తూ, మోరీల వాలు చూస్తూ, మధ్యాహ్నం ఏ ఇరానీ హోటల్లోనో చాయ్ తాగి మళ్లీ ఎండలోకి పోయేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, చూసినవన్నీ భార్య రాజమణికి చెప్పేవాడు. కూతురు స్వరూప అతని మెడ మీద ఎక్కి కూర్చునేది. తమ గల్లీని వెడల్పు చేయాలని పై అధికారులు అనుకున్నప్పుడు ఆ ప్లాను గీసింది కూడా అతనే. చౌరస్తా నుంచి అవతలి కమాను దాకా నిటారుగా ఒక గీత. ఆ గీత విశ్వేశ్వర్ దుకాణం మీదుగా, దాని పైన వైకుంఠం కాపురముంటున్న గది మీదుగా పోయింది. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. విశ్వేశ్వర్ కూడా నవ్వాడు.

"సర్కారు రోడ్డు ఏసే నాటికి మనం ఉంటమా, మన మనుమలు ఉంటరా? గీసుకో బిడ్డా" అన్నాడు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది. ఆఫీసులు మూతపడ్డాయి. సర్వే మనిషిగా వైకుంఠం అందరికీ తెలిసినవాడు. మాట నిదానం, అబద్ధం ఆడడని పేరు. మీటింగుల్లో మాట్లాడమన్నారు, మాట్లాడాడు. ఒకరోజు ఊరేగింపులో పట్టుకుపోయి జైల్లో వేశారు.

అతను జైల్లో ఉండగా స్వరూపకు గొంతు జబ్బు చేసింది. కర్ఫ్యూ రోజులు. రిక్షా దొరకలేదు. విశ్వేశ్వర్ పిల్లను భుజాన వేసుకుని, పక్కన కరీముద్దీన్ తెల్లగుడ్డ ఊపుతూ నడుస్తుంటే, దవాఖానాకు తీసుకుపోయాడు. వాళ్లు చేరేసరికి ఆలస్యమైంది. పిల్లను అటునుంచి అటే పురానాపూల్ శ్మశానానికి తీసుకుపోయారు. ఈ కబురు జైలుకు పంపొద్దని విశ్వేశ్వరే అన్నాడు. లోపల ఒక్కడే ఉన్నాడు, తట్టుకోలేడు, బయటికొచ్చినాక చెప్పుకుందాం అన్నాడు. రాజమణి కాదనలేదు. కాదనే ఓపిక ఆమెకు లేదు.

వైకుంఠం విడుదలైన రోజు జైలు గేటు దగ్గర జనం గుమిగూడారు. జీపు మీద ఎక్కించి, గులాల్ చల్లి, నినాదాలతో హుస్సేనీ ఆలం దాకా తెచ్చారు. దారిపొడుగునా అతని కళ్లు పిల్ల కోసం వెతికాయి. మేడ మీద కిటికీలోంచి చెయ్యి ఊపుతుందనుకున్నాడు. కిటికీ మూసి ఉంది. గల్లీ మొదట్లో కరీముద్దీన్ కనిపిస్తే, "మా స్వరూప ఏది?" అని జీపు మీది నుంచే అరిచాడు. డప్పుల మోతలో వినబడలేదన్నట్టు కరీముద్దీన్ తల దించుకున్నాడు.

గులాల్ మొహంతోనే మేడ ఎక్కాడు. రాజమణి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆ గోడ మీద చెయ్యెత్తు దాకా స్వరూప సుద్దముక్కతో గీసిన గీతలున్నాయి. కింద జనం అతని పేరు పలుకుతూనే ఉన్నారు.

"బిడ్డ పోయింది" అన్నది రాజమణి. "నెల దాటింది."

అతను అక్కడే నిలబడిపోయాడు. కాసేపటికి కిందినుంచి ఎవరో పిలిచారు. జనం ఒక్కమాట మాట్లాడమంటున్నారట. దిగివెళ్లి మాట్లాడాడు. ఏం మాట్లాడాడో తరవాత గుర్తులేదు. చప్పట్లు మాత్రం చాలా సేపు కొట్టారట.

ఆ తరవాత ఏ రోజూ అతనికి ఏడుపు రాలేదు. వస్తుందని కొన్నాళ్లు ఎదురుచూశాడు. తరవాత చూడటం మానేశాడు. ఉద్యోగంలోకి తిరిగి పోలేదు. డెబ్బై రెండు ఎన్నికల్లో నిలబడమంటే నిలబడ్డాడు, గెలిచాడు. డెబ్బై ఎనిమిదిలో మళ్లీ గెలిచాడు. మున్సిపల్ మంత్రిని చేస్తామన్నారు, సరేనన్నాడు. చదువుకున్నవాడు, కోపం రాదు, ఆశ లేదు. పార్టీలో అందరికీ అతను పనికొచ్చాడు. ఎవరేం తిట్టినా ముఖం మారదు. అది గొప్ప గుణమని పెద్దలు మెచ్చుకున్నారు.

ప్రభుత్వం బంగళా ఇస్తానంటే రాజమణి ఆ మేడగది వదిలి రానన్నది. అందుకని సర్కారు కారు రోజూ గల్లీ మొదట్లో ఆగేది. ఇద్దరి మధ్యా గొడవలు లేవు. అన్నం పెట్టేది, తినేవాడు. ఏటా పండక్కి ఇల్లంతా సున్నం వేయించేది, ఆ గోడ ఒక్కటి తప్ప.

ఎనభైలో వర్షాలు తగ్గిన తరవాత, రామలింగం అనే చీఫ్ ఇంజనీరు ఒక ప్లాను పట్టుకుని సెక్రటేరియట్‌లో అతని గదికి వచ్చాడు. ఒకప్పుడు ఇద్దరూ కలిసి సర్వే చేసినవాళ్లే. ప్లాను బల్ల మీద పరిచాడు. వైకుంఠం తన చేతిరాత గుర్తుపట్టాడు.

"పాతబస్తీ రోడ్లకు ఈసారి మంజూరు వచ్చింది సర్. మొదట ఇదే తీస్కున్నరు" అన్నాడు రామలింగం. గీత మీద వేలు పెట్టాడు. "మీ ఇల్లు పోతది సర్. మీరు ఊ అంటే లైను జర ఎదురు దిక్కు జరుపుత. ఎవ్వలకు తెల్వదు."

"ఎదురు దిక్కు ఏమున్నయ్?"

"మీకు తెల్వనివా సర్? గడియారం దుకాణం, దర్జీలు, గాజులోళ్లు. చిన్న చిన్నయి."

"వాళ్లయి ముందల్నే పది గజాలు లేవు. జరిపితే మొత్తం పోతయ్."

"అవును సర్."

వైకుంఠం ప్లాను వంక చూశాడు. తన ఇంటికోసం మనసు పీకుతుందేమోనని చూసుకున్నాడు. కరీముద్దీన్ మీద జాలి కలుగుతుందేమోనని చూసుకున్నాడు. రెండూ లేవు. కాగితం మీద గీత ఉంది. నిటారుగా ఉన్నది వంచడానికి కారణం కనిపించలేదు.

"ఉన్నదున్నట్టే కానియ్" అన్నాడు.

ఈ సంగతి విశ్వేశ్వర్‌కు వేరేవాళ్ల ద్వారా తెలిసింది. ఆ సాయంత్రం తమ్ముడు కారు దిగి వస్తుంటే దుకాణంలోకి పిలిచాడు. కొనేవాళ్లెవరూ లేరు. వదినె రుక్మిణమ్మ లోపలి గుమ్మంలో నిలబడి ఉంది.

"నిజమేనారా?"

"నిజమే అన్నా."

"నీకు చేతనైతదంట గదా జరుపనీకె. ఆ ఇంజనీరే అడిగిండంట గదా నిన్ను."

"అడిగిండు. వద్దన్న."

విశ్వేశ్వర్ గద్దె మీది నుంచి లేచాడు. "బాపు పెట్టిన దుకాణం ఇది. దీని మీదనే నువ్వు చదివినవ్. నేనేమన్న అన్యాయంగ సంపాయించి పెట్టమన్ననా? ఉన్నది ఉండనియ్యమంటున్న. కరీమ్‌ది పోవాల్నని నేను అంటలేను. ఇద్దరియి నిలిచేటట్టు చెయ్యరాదా? నువ్వు మంత్రివి!"

"రెండూ నిలువయి అన్నా. రోడ్డు కావాల్నంటే ఒక దిక్కు పోవాలె."

"అయితే రోడ్డే వద్దను!"

ఆ మాట అనవచ్చునని వైకుంఠానికి తోచనే లేదు.

"జెర మనసు పెట్టు వైకుంఠం" అన్నది రుక్మిణమ్మ గుమ్మంలోంచి. "మీ అన్న అన్నం తింటలేడు."

అతను తల ఊపి మేడ ఎక్కాడు. ఆ రాత్రి రాజమణి గీతలున్న గోడ వైపు తిరిగి పడుకుంది.

దసరా పోయాక కూల్చడం మొదలుపెట్టారు. విశ్వేశ్వర్ అంతకు ముందే సామాన్లన్నీ తోపుడు బండ్ల మీద ఎక్కించి, మలక్‌పేటలో కిరాయికి తీసుకున్న దుకాణం మడిగెకు తరలించాడు. చివరి బండి వెనకాల తనూ నడిచిపోయాడు. తమ్ముడికి చెప్పలేదు. రుక్మిణమ్మ మాత్రం రాజమణిని పట్టుకుని ఏడ్చి వెళ్లింది.

ఇల్లు కూల్చే రోజు వైకుంఠం ఆఫీసుకు పోలేదు. తెల్లటి ఖద్దరు బట్టల్లో రోడ్డు మీద నిలబడ్డాడు. పత్రికల వాళ్లు వచ్చారు. మైసయ్య అనే మేస్త్రీ మనుషులను పెట్టుకుని ముందు పైకప్పు ఇప్పించాడు, తరవాత గడ్డపారలతో ముందు గోడ పడగొట్టించాడు. దుమ్ము తగ్గేసరికి మేడగది లోపలి గోడ బజారుకు కనబడింది. చుట్టూ ఏళ్ల తరబడి మాసిన సున్నం, మధ్యలో పిచ్చి గీతలు. ఒక గుండ్రం, దానికి నాలుగు కాళ్లు. దర్జీ దుకాణాల వాళ్లు పని ఆపి చూస్తున్నారు. అవేమిటో వాళ్లలో సగం మందికి తెలుసు.

రాజమణి అతని పక్కకు వచ్చి నిలబడింది.

"జెరసేపు ఆగుమనుండ్రి" అన్నది.

అతను చెయ్యెత్తాడు. మైసయ్య మనుషులు ఆగారు. మెట్లు అప్పటికే తీసేశారు, పైకి పోవడానికి లేదు. రాజమణి రోడ్డు మీదే నిలబడి, తల ఎత్తి, ఆ గోడను చూసింది. ఎంతసేపో చూసింది. అవతల రిక్షాలు ఆగి గంటలు కొడుతున్నాయి. చివరికి కొంగు భుజం చుట్టూ లాక్కుని, "ఇగ కానియ్యుమనుండ్రి" అని వెనక మిగిలిన సగం ఇంట్లోకి వెళ్లిపోయింది.

అతను చెయ్యి దించాడు. గడ్డపార పడింది. ఆ గోడ కూలుతుంటే వైకుంఠం దాని వెనక గోడను చూస్తున్నాడు. అది పక్కకు వాలేటట్టుంది, కర్రల దాపు పెట్టించాలి అనుకున్నాడు. మైసయ్యను పిలిచి ఆ మాటే చెప్పాడు.

మర్నాడు పత్రికల్లో అతని ఫోటో వచ్చింది. సొంత ఇంటినే కూల్పించిన మంత్రి అని రాశారు. బడుల్లో పిల్లలకు బహుమతులు ఇవ్వడానికి పిలిచారు. ఒక సభలో పెద్దాయన ఎవరో ఇలాంటి త్యాగం పురాణాల్లో తప్ప చూడలేదన్నాడు. వైకుంఠం దండ వేయించుకుని కూర్చున్నాడు. త్యాగం చేసినవాడికి కష్టం ఉండాలి గదా, నాకు లేదే అనుకున్నాడు. ఆ మాట మైకులో చెప్పే మాట కాదు.

రోడ్డు పని ఇంకా సగం కాకుండానే మంత్రివర్గం మారింది. కొత్త జాబితాలో అతని పేరు లేదు. కారు పోయింది, ఫోను పోయింది. కమాను వైపు దుకాణాల వాళ్లు వెళ్లి కొత్త మంత్రిని కలిశారు. మా వైపు కూల్చొద్దన్నారు. సరే, మళ్లీ ఆలోచిద్దాం అన్నాడు ఆయన. పని ఆగిపోయింది. గల్లీ చౌరస్తా నుంచి వైకుంఠం ఇంటి దాకా వెడల్పుగా వచ్చి, ఇల్లు దాటగానే ఎప్పటిలాగే ఇరుకైపోయింది. ఆటోలు జోరుగా వచ్చి అక్కడ ఇరుక్కునేవి. రోజంతా లొల్లి. వెడల్పు చేసిన చోట చెరకు రసం బండ్లు, మిర్చి బండ్లు నిలిచాయి.

ఎనభై మూడు ఎన్నికల్లో అతను ఓడిపోయాడు. ఆ ఏడు వాళ్ల పార్టీలో చాలామంది ఓడిపోయారు. ఫలితం విని ఇంటికొచ్చి స్నానం చేశాడు. ఆ తరవాత పనేమీ లేదు. మిగిలిన ముందుగదిలో, రోడ్డుకు తెరిచిన తలుపు పక్కన, కుర్చీలో కూర్చునేవాడు. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఆటోల తగాదాలు వినేవాడు. ఒక మధ్యాహ్నం రాజమణి బియ్యం ఏరుతుంటే అడిగాడు.

"బిడ్డకు జరమొచ్చినప్పుడు నన్ను అడిగిందా?"

రాజమణి చేయి ఆగింది. ఇన్నేళ్లలో అతను ఆ మాట ఎత్తడం అదే మొదలు.

"అడిగింది. బాపు వస్తుండా అని. వస్తుండని చెప్పిన." చేటలో బియ్యం చదును చేసింది. "దవాఖానకు పోతుంటె మీ అన్న భుజం మీద ఉండె గదా. మీరే ఎత్తుకున్నరనుకున్నది. ఆయన మెడ పట్టుకుని బాపూ అన్నదంట. మీ అన్న నాకు చెప్పి ఏడ్చిండు. మీకు చెప్పొద్దన్నడు."

ఆమె చేట తీసుకుని లోపలికి వెళ్లింది.

ఆ మరుసటి ఏడు కరీముద్దీన్ బిడ్డ పెళ్లి పెట్టుకున్నాడు. షామియానా వేయడానికి గల్లీలో ఎక్కడా జాగా లేదు, రోడ్డు వెడల్పయిన చోట తప్ప. బండ్ల వాళ్లను బతిమాలి ఖాళీ చేయించి అక్కడే వేశాడు. మలక్‌పేట పోయి విశ్వేశ్వర్‌ను స్వయంగా పిలిచాడు. రానంటే, గుమ్మంలో కూర్చుని లేవనన్నాడు.

"నా దుకాన్ నిలిచింది మీ దుకాన్ పోతేనే గదా అన్నా. మీరు రాకపోతే ఆ షాదీకి నేనెట్ల ముఖం చూపెట్టాలె?" అన్నాడు.

విశ్వేశ్వర్ వచ్చాడు. హిందువుల కోసం వేరేగా వేసిన శాకాహారం బల్ల దగ్గర అన్నదమ్ములిద్దరినీ కరీముద్దీన్ పక్కపక్కన కూర్చోబెట్టి, నిఖా చూసుకోవడానికి వెళ్లిపోయాడు. ఇద్దరూ విస్తరి వంక చూస్తూ కూర్చున్నారు.

"గద్దె ఈడనే ఉండె" అన్నాడు విశ్వేశ్వర్ కాసేపటికి, కాలితో నేల తట్టి.

"జెర ఇటు. ఆ స్తంభం కాడ" అన్నాడు వైకుంఠం.

"కొలతలు బాగనే యాదికున్నయ్ నీకు." విశ్వేశ్వర్ నీళ్లు తాగాడు. గ్లాసు పెట్టి, తమ్ముడి వైపు తిరగకుండానే అడిగాడు. "ఒక్క మాట సాఫ్‌గ చెప్పురా. ఎందుకు చేసినవ్? పేరొస్తదనా? నేను బిడ్డ సంగతి దాచినననా? నాకు అదే అనిపించింది ఇన్నొద్దులు. దాచినందుకు పగ దీర్చుకున్నడనుకున్న."

"కాదన్నా."

"మరి న్యాయమనా? పేపర్ల రాసినట్టు?"

వైకుంఠం గ్లాసు పక్కకు జరిపాడు. షామియానా అవతల ఎవరో పిల్లలు కేకలు వేస్తున్నారు.

"తెల్వదు" అన్నాడు. "నీకు కోపమొస్తె రానియ్. నాకు ఆ పొద్దు ఏం అనిపించలె. ఇల్లు పోతదంటె అనిపించలె. నువ్వు బండెంబడి నడుసుకుంట పోతుంటె చూసిన, అనిపించలె. జైలు నుంచి వచ్చినప్పటి సంది గట్లనే ఉన్నది. న్యాయం జేసిండని అందరన్నరు. నేను ఆ గీత వంచలె, గంతే. వంచనీకె కూడా మనసుండాలె గదా."

విశ్వేశ్వర్ మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. కళ్ల కింద సంచులు. చిన్నప్పుడు బడినుంచి దెబ్బలు తిని వచ్చి ఏడవకుండా నిలబడే పిల్లవాడి ముఖమే.

"గిది నాకెందుకు చెప్పలె?"

"ఏమని చెప్పాలె?"

విశ్వేశ్వర్ పూరీ తుంచి తమ్ముడి విస్తట్లో పెట్టాడు. "తిను ముందుగాల" అన్నాడు.

లేచేటప్పుడు చేయి తుడుచుకుంటూ అన్నాడు. "రేపటి సంది మలక్‌పేట రా. నాకు మోకాళ్లు నొస్తున్నయ్. గద్దె మీద కూసునేటోడు కావాలె."

"నాకు వ్యాపారం రాదు గదన్నా."

"మంత్రిగిరి వచ్చే చేసినవా?"

మర్నాడు వైకుంఠం బస్సెక్కి మలక్‌పేట వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. రుక్మిణమ్మ మధ్యాహ్నం అన్నం పంపేది. ఆదివారాలు రాజమణి కూడా వచ్చేది. ఆడవాళ్లిద్దరూ లోపల కూర్చుని ఎడతెగకుండా మాట్లాడుకునేవాళ్లు. వైకుంఠానికి లోపల ఏదో మారిందని చెప్పలేం. అన్న పక్కన కూర్చుంటే పొద్దు గడిచేది. కొన్ని రోజులు ఆకలి వేసేది. ఆకలి వేసిందని గుర్తుపట్టి, డబ్బా తనే తెరిచేవాడు.

అప్పుడప్పుడు ఎవరో గుర్తుపట్టి, "మీరు మంత్రి చేసిండ్రు గదా" అనేవారు. చేసిన అనేవాడు. ఒకనాడు రేసు కోర్సు వెనకాల కూలిపని చేసే నీలమ్మ అనే ఆమె ఇత్తడి బిందె తెచ్చింది. ఇక్కడే అడుగు మాటు వేయించి పదిరోజులు కాలేదు, మళ్లీ కారుతోందని లొల్లి పెట్టింది. విశ్వేశ్వర్ లేడు. వైకుంఠం బిందె అందుకుని, కుండీ దగ్గరికి తీసుకుపోయి మెడ దాకా నీళ్లు నింపాడు. అడుగు పొడిగుడ్డతో తుడిచి, పొడి బండ మీద పెట్టాడు.

"జెరసేపు చూద్దాం, కూసో అమ్మా" అన్నాడు.

నీలమ్మ మెట్టు మీద కూర్చుంది. అతను బండ ముందు గొంతుకూర్చుని, బిందె అడుగు చుట్టూ తడి వస్తుందేమోనని చూస్తున్నాడు.

"వస్తుందా బాపూ?" అని అడిగింది ఆమె.

"ఇంకా రాలె" అన్నాడు వైకుంఠం.